అమ్మాయి పురిటికి వచ్చేలోపు ఇంట్లో ఏమేం మార్చాలి?

మా ఇంట్లో ఆవకాయ పదేళ్ళు ప్లాస్టిక్ డబ్బాలోనే ఉంది. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని, పాలిమర్ల పాఠం ఏటా బోర్డు మీద రాసినదాన్ని. ఇంటికొచ్చి ఆ డబ్బాలోనే గరిటె పెట్టి ఆవకాయ తీసేదాన్ని. అమ్మాయి కడుపుతో ఉందని కబురు వచ్చిన రోజు, ఖాళీ డబ్బా తోముతూ లోపలి గోడకి అంటుకుపోయిన ఎర్ర మరక చూసి చెయ్యి ఆగింది. సబ్బు పెట్టినా వదల్లేదు, బూడిద పెట్టినా వదల్లేదు. నూనె ప్లాస్టిక్‌లోకి దూరగలిగినప్పుడు ప్లాస్టిక్‌లో ఉన్నది నూనెలోకి రాకుండా ఉంటుందా?

ప్లాస్టిక్‌లోంచీ, ఇంట్లో వేరే వాటిలోంచీ వచ్చి ఒంట్లో హార్మోన్ల పని చెడగొట్టే రసాయనాలు బిడ్డకి తగలకుండా, విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో ఆ తరవాత నేను చేసిన పనులే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ అమ్మాయో కోడలో కడుపుతో ఉన్నా, ఇంట్లో చిన్నపిల్లలున్నా మీకు పనికొస్తాయి. మనవైపు ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తెచ్చుకుంటాం కదా, అప్పటిదాకా ఆగొద్దు. బిడ్డ అవయవాలు రూపు కట్టేది మొదటి మూడు నెలల్లో. దాదాపు పన్నెండో వారం వరకూ బిడ్డ థైరాయిడ్ ఇంకా పని అందుకోదు, తల్లి రక్తంలోంచి వచ్చే హార్మోనే దిక్కు. అందుకని కబురు తెలిసిన వారమే ఫోన్ చేసి, అమ్మాయి ఉన్న ఊళ్ళో వాళ్ళ వంటింట్లోనూ మొదలుపెట్టించండి.

అసలు హార్మోన్లు ఒంట్లో ఎంత ఉంటాయో చెబితే నమ్మబుద్ధి కాదు. ఈస్ట్రోజెన్ లాంటిది ఒక మిల్లీలీటరు రక్తంలో ఎంతుందో రాయాలంటే గ్రాములో లక్ష కోట్లో వంతుల లెక్క వేయాలి. ఎత్తు పెరగడం, కొవ్వు చేరడం, ఈడు రావడం అంతా ఆ చిటికెడు కన్నా చిటికెడు మీద నడుస్తుంది. కొన్ని రసాయనాల ఆకారం ఈ హార్మోన్లని పోలి ఉంటుంది. ఒకే వీధిలో ఇద్దరు సుబ్బారావులుంటే ఉత్తరం ఎవరి గుమ్మంలో పడుతుందో పోస్ట్‌మ్యాన్‌కే తెలియదు. ఒంట్లోనూ అంతే. కొన్ని రసాయనాలు హార్మోను పీటమీద తామే కూర్చుంటాయి, కొన్ని అసలు హార్మోనుని దగ్గరికి రానివ్వవు. గట్టి ప్లాస్టిక్‌లో ఉండే బిస్ఫినాల్-ఎ, అంటే బీపీఏ, ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికీ సెంట్ల వాసన నిలవడానికీ కలిపే థాలేట్లు, క్రీముల్లో వేసే పారాబెన్లు, కొన్ని పురుగు మందులు, హార్మోను ఆకారం లేకపోయినా ఎదుగుదలకి చేటు చేసే సీసం. మనకి సంబంధించినవి ముఖ్యంగా ఇవి.

కడుపులో ఉన్నప్పుడు తగిలింది ఎప్పుడో పెద్దయ్యాక బయటపడుతుందా అంటే, పడిన దాఖలా ఉంది. డీఈఎస్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ని గర్భం నిలవడానికని అమెరికాలో దశాబ్దాల పాటు ఇచ్చారు. ఆ తల్లుల కూతుళ్ళలో, పదిహేను ఇరవై ఏళ్ళ వయసులో, ఎంతో అరుదైన కేన్సరు కనబడుతోందని 1971లో తేలింది. బీపీఏ, థాలేట్ల సంగతి అంత సూటిగా లేదు. మనుషుల్లో జరిగినవి చాలావరకు ఎవరి ఒంట్లో ఎంత ఉందో కొలిచి, వాళ్ళ పిల్లలు ఎలా పెరిగారో పోల్చి చూసినవి. కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో తల్లీబిడ్డలని ఏళ్ళ తరబడి గమనించి 2018లో ఫలితాలు చెప్పారు. గర్భంతో ఉండగా సెంట్లలో వాడే ఒక థాలేటు గానీ, సబ్బుల్లో వాడే ట్రైక్లోసాన్ గానీ ఎక్కువగా ఉన్న తల్లుల ఆడపిల్లలకి ఈడు కాస్త ముందుగా వచ్చింది. అంతమాత్రాన మీ పాప పొట్టిగా ఉండడానికి ఫలానా డబ్బా కారణం అని ఎవరూ వేలు పెట్టి చూపలేరు. ఈ మార్పులు చాలావరకు డబ్బు ఖర్చు లేనివి, చేస్తే పోయేదేమీ లేదు. నేను చేయమనేది ఆ లెక్కనే.

మొదటి పని: వేడి, నూనె, పులుపు ఈ మూడింటినీ ప్లాస్టిక్ నుంచి విడదీయండి

సగం పని ఇదే. మిగతావి చేయలేకపోయినా ఇదొక్కటి చేయండి.

మెత్తటి ప్లాస్టిక్‌లో థాలేట్లు రసాయనికంగా అతుక్కుని ఉండవు, బియ్యంలో నీళ్ళు కలిసినట్టు ఊరికే కలిసి ఉంటాయి. నూనె తగిలితే అందులోకి జారతాయి. గాజులా మెరిసే గట్టి ప్లాస్టిక్ పాలీకార్బొనేటు బీపీఏతోనే కట్టిన గొలుసు. వేడి నీళ్ళూ సబ్బు క్షారమూ పదే పదే తగిలితే ఆ గొలుసు కొసలు ఊడతాయి, గీతలు పడ్డకొద్దీ ఇంకా ఊడతాయి.

ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి. మన గుంటూరు, కృష్ణా వాళ్ళ ఇళ్ళలో ఏడాదంతా నూనెలో, ఉప్పులో, పులుపులో మునిగి ఉండేవి ఇవే. వీటిని జాడీలోకో గాజు సీసాలోకో మార్చండి. అటక మీద అమ్మమ్మ జాడీ ఉండే ఉంటుంది, దింపండి. పగుళ్ళు ఉంటే, లోపలి నునుపు ఊడి ఉంటే మాత్రం వద్దు. నెయ్యి స్టీలు గిన్నెలో. అయిదు లీటర్ల నూనె క్యాను తెచ్చినరోజే స్టీలు క్యానులోకి వంచేయండి, పొయ్యి పక్కన ఆ ప్లాస్టిక్ క్యాను నెలంతా కాగుతూ కూర్చోకూడదు.

ఇక టిఫిను పార్సిళ్ళు. బెజవాడలో పొద్దున్నే బండి దగ్గర నాలుగు ఇడ్లీ చెబితే, పొగలు కక్కే సాంబారు పల్చటి కవర్లో పోసి రబ్బరు బ్యాండు తిప్పి చేతిలో పెడతారు. పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, ఆ కవరు ఇంటికొచ్చేదాకా ఉడుకుతూనే ఉంటుంది. కడుపుతో ఉన్న పిల్లకి ఇడ్లీ తినాలనిపించడం సహజం, మానిపించకండి. స్టీలు క్యారేజీ పట్టుకెళ్ళండి. మొదట్లో మా వీధి చివర బండి ఆయన "అమ్మా, కవరుకి డబ్బులేం తీసుకోను కదా" అని నవ్వాడు. ఇప్పుడు మా క్యారేజీ దూరం నుంచి చూడగానే గరిటె అందుకుంటాడు. ఇడ్లీ రేకుల మీద గుడ్డ వేస్తున్నారా, ప్లాస్టిక్ షీటు వేస్తున్నారా అన్నది కూడా ఒకసారి తొంగి చూడండి. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం తనిఖీ చేస్తే చాలా హోటళ్ళలో షీట్లు బయటపడ్డాయి, వాడొద్దని ఉత్తర్వు ఇచ్చారు.

కాగితం కప్పులో టీ అయితే నయం అనుకుంటాం. ఆ కప్పు లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, లేకపోతే టీకి కప్పు నానిపోతుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు కొలిస్తే, 100 మిల్లీలీటర్ల వేడి ద్రవంలో పావుగంటలో 25,000 దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగాయి. గాజు గ్లాసులో ఇవ్వమని అడగండి. మైక్రోవేవ్‌లో ప్లాస్టిక్ గిన్నె అసలు పెట్టొద్దు. "మైక్రోవేవ్ సేఫ్" అని రాసి ఉంటే గిన్నె కరగదు, వంకర పోదు అని అర్థం, దానిలోంచి ఏదీ దిగదని అర్థం కాదు.

మంచినీళ్ళ టిన్నుల సంగతి. నీలంగా, గట్టిగా, గాజులా ఉండే 20 లీటర్ల టిన్నుల్లో చాలావాటికి పాలీకార్బొనేటే వాడతారు. రోహిణీ కార్తె ఎండలో ట్రాలీ ఆటో మీద మధ్యాహ్నం దాకా తిరిగి మీ ఇంటికొస్తాయి. పొద్దున్నే తెచ్చే మనిషిని కుదుర్చుకోండి, వచ్చిన వెంటనే స్టీలు బిందెలోకో కూజాలోకో పోసేయండి. మేమైతే మునిసిపాలిటీ కృష్ణ నీళ్ళే కాచి చల్లార్చుకుంటున్నాం.

డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకె చూడటం నేర్చుకోండి. 3, 6, 7 ఉంటే తిండికి వద్దు. 2, 4, 5 ఉన్నవాటిలో చల్లటివి, పొడివి పెట్టుకోవచ్చు. "బీపీఏ ఫ్రీ" అన్న ముద్రని మరీ నమ్మకండి. చాలాచోట్ల బీపీఏ తీసి దాని తోబుట్టువు బీపీఎస్ వేశారు, అదీ ఒంట్లో అటూఇటూగా ఆ పనే చేస్తుంది.

మా వియ్యపురాలు ఇది విని ఒక్కరోజులో ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ అంతా పాత సామాన్లవాడికి వేసేసింది. కందిపప్పు డబ్బాలు, బియ్యం డ్రమ్ము కూడా. అంత అక్కర్లేదు. పొడి పప్పు చల్లగా ఉన్న డబ్బాలో ఉంటే దానికి దిగేది చాలా తక్కువ. మీ ఓపికంతా పొయ్యి దగ్గరా, ఊరగాయ దగ్గరా పెట్టండి.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో లెక్క ఉంది. 2011లో అమెరికాలో అయిదు కుటుంబాల వాళ్ళకి, మొత్తం 20 మందికి, ప్లాస్టిక్‌లోనూ, సీలు వేసిన రేకు డబ్బాల్లోనూ వచ్చే తిండి మాన్పించి మూడు రోజులు తాజాగా వండి పెట్టారు. వాళ్ళ మూత్రంలో బీపీఏ సగటున 66 శాతం పడిపోయింది. బీపీఏ, థాలేట్లు ఒంట్లో నిలవ ఉండవు, ఒకటి రెండు రోజుల్లో బయటికి పోతాయి. రోజూ మళ్ళీ పోస్తూ ఉంటాం కాబట్టే ఎప్పుడు పరీక్షించినా కనబడతాయి.

నాన్‌స్టిక్ పెనం పూత ఊడిపోతే తీసేసి ఇనప పెనం ఎక్కించండి. దాని గురించి ఇంతకన్నా రాయడం లేదు, దోసె కూడా ఇనప పెనం మీదే బావుంటుంది.

రెండో పని: బిడ్డ పాల సంగతి ముందే అనుకోండి

తల్లిపాలలో కూడా ఈ రసాయనాల జాడలు ఉంటాయని ఎక్కడో చదివి ఒకమ్మాయి డబ్బాపాలకి మారుదామని అడిగింది. వద్దు. తల్లిపాల వల్ల వచ్చే మేలు ముందు ఆ జాడలు లెక్కలోకి రావు. ఆరు నెలలు తల్లిపాలే, ఆ తరవాత ఇంటి తిండితో పాటు రెండేళ్ళ దాకా పాలు.

పాలు పిండి పట్టాల్సి వస్తే మన ఉగ్గుగిన్నె ఉంది. వెండిదో స్టీలుదో, కడగడం కూడా సీసా కన్నా సులువు. తప్పనిసరై సీసా వాడితే గాజుదో స్టీలుదో తీసుకోండి. మన దేశంలో 2015 నాటి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం పాలసీసాలకి పాలీకార్బొనేటు వాడకూడదంటుంది. కాబట్టి ప్లాస్టిక్‌దే కొనాల్సి వస్తే ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి, బజార్లో పేరూ ఊరూ లేని సీసా వద్దు. పాలీప్రొపిలీన్, అంటే అడుగున 5 అంకె ఉండే ప్లాస్టిక్ సీసాలో బీపీఏ లేకపోయినా వేడికి అదీ రాలుతుంది. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళు 2020లో చూస్తే, వేడినీళ్ళతో పాలు కలిపిన సీసాల్లో లీటరుకి 1.62 కోట్ల దాకా సూక్ష్మ రేణువులు లెక్కకొచ్చాయి.

అందుకని డబ్బాపాలు ఇలా కలపండి. నీళ్ళు స్టీలు గిన్నెలో మరిగించండి. 70 డిగ్రీలకి తగ్గకముందే, ఆ గిన్నెలోనే పొడి కలపండి, పొడిలో ఉన్న క్రిములు చావడానికి ఆ వేడి కావాలి. మణికట్టు మీద చుక్క వేస్తే గోరువెచ్చగా తగిలేదాకా చల్లార్చండి. అప్పుడు సీసాలో పోయండి. సీసాలో పోసి ఊపడం, సీసాతో సహా మళ్ళీ వేడి చేయడం మానేయండి.

మూడో పని: పౌడర్లు, సెంట్లు, కాటుక

స్నానం చేయించి, ఒళ్ళంతా తెల్లగా పౌడరు కొట్టి, కాటుక దిద్ది, అప్పుడు గానీ మనకి బిడ్డ ముద్దు రాదు. లేబుల్ మీద "ఫ్రాగ్రెన్స్" అనో "పర్‌ఫ్యూమ్" అనో ఒక్క మాట ఉంటే ఆ మాట వెనక ఏమున్నాయో కంపెనీ చెప్పనక్కర్లేదు, థాలేట్లు ఎక్కువగా దాక్కునేది అక్కడే. 2016లో సాలినాస్‌లోనే వంద మంది అమ్మాయిల చేత మూడు రోజులు సెంటూ క్రీమూ మార్పించి చూస్తే, ఒక థాలేటు జాడ 27 శాతం, ఒక పారాబెన్ జాడ 44 శాతం తగ్గాయి.

బిడ్డకి కొబ్బరినూనో నువ్వులనూనో మర్దనా, శనగపిండీ పెసరపిండీ కలిపిన నలుగు, ఇవి చాలు. పౌడరు అసలు వద్దు, అది ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది. కాటుక కంట్లో పెట్టొద్దు, కొన్న కాటుకల్లో సీసం ఉన్న సందర్భాలు చాలా ఉన్నాయి. దిష్టి చుక్క పెట్టుకోకపోతే మనసు ఊరుకోదంటే ఇంట్లో ఆముదం దీపానికి పట్టిన కాటుకతో అరికాలి మీద పెట్టండి, నోట్లోకి పోకుండా చూసుకోండి. పురిటాలికి జుట్టు రంగూ, గోళ్ళ రంగూ పాలు మానేదాకా ఆగితే కొంప మునగదు.

సీసం మాట వచ్చింది కాబట్టి పసుపు. బాలింతకి పసుపు ఎంత వాడతామో తెలుసు. బంగ్లాదేశ్‌లో రంగు కోసం పసుపులో సీసం క్రోమేటు కలిపారనీ, గర్భిణుల రక్తంలోకి ఆ సీసమే చేరిందనీ 2019లో తేల్చారు. సీసం బుర్రకే కాదు, ఎత్తుకీ చేటు. మనకి దుగ్గిరాల పసుపు యార్డు పక్కనే ఉంది. కొమ్ములు కొని, మరీ మెరిసిపోతున్నవి పక్కనపెట్టి, మన కళ్ళముందు మర ఆడించుకుంటే సరి.

నాలుగో పని: నేల, గోడలు, దోమలు

పాకే వయసులో బిడ్డ చెయ్యి నిమిషానికోసారి నేల మీదా నోట్లోనూ ఉంటుంది. ప్లాస్టిక్, రంగులు, ఫోము రాలిన పొడి అంతా చేరేది ఇంటి దుమ్ములోకే. చీపురుతో ఊడిస్తే ఆ దుమ్ము లేచి మళ్ళీ అక్కడే పడుతుంది, తడిగుడ్డ పెట్టండి. రంగురంగుల మెత్తటి ఫోము చాపలకన్నా పాత నేతచీరలతో కుట్టిన బొంత మేలు.

బారసాలకి ఇల్లు రంగులు వేయిద్దామనుకుంటాం. అమ్మాయి రాకముందే రెండు మూడు నెలల ముందు వేయించేసి తలుపులన్నీ తీసి ఉంచండి. పాత రంగు గీకించేటప్పుడు మాత్రం గర్భిణి గానీ పిల్లలు గానీ ఆ ఇంట్లోనే ఉండకూడదు. మన దగ్గర రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 90 వంతులు, దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు పూసిన తలుపులూ కిటికీలూ మన ఇళ్ళలో బోలెడు.

బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. మూడు కాలువల ఊళ్ళో దోమల మందు మానేయమంటే ఎవరూ వినరు, వినకూడదు కూడా. డెంగీ ముప్పు ఈ రసాయనాల ముప్పు కన్నా దగ్గరది. బిడ్డకీ తల్లికీ దోమతెర కట్టండి, కిటికీలకి జాలీ కొట్టించండి. లిక్విడ్ మెషీను సాయంత్రం తలుపులు వేసి గంట పెట్టి, ఆపి, గాలి ఆడనిచ్చి, తరవాత బిడ్డని ఆ గదిలోకి తీసుకెళ్ళండి. మూసిన గదిలో రాత్రంతా కాయిలు వద్దు. బొద్దింకల మందు కొట్టించే పని అమ్మాయి వచ్చే ముందే తెమల్చండి.

బొమ్మల విషయంలో మన అదృష్టం, కొండపల్లి పక్కనే ఉంది. తెల్లపొణికి చెక్కబొమ్మలు తేలిక. ఎనామిల్ రంగువి కాకుండా చెట్ల రంగులు వేసినవి అడిగి తీసుకోండి, చేసేవాళ్ళు ఉన్నారు. ప్లాస్టిక్‌వి కొంటే 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, అది చూడండి. ఫుట్‌పాత్ మీద ఘాటు వాసన వేసే మెత్తటి రబ్బరు బాతు పిల్ల మాత్రం వద్దు. ఇంకొకటి. బస్సులో పిల్లాడు ఏడిస్తే చేతిలో టికెట్టు పెడతాం. మెషీనులోంచి వచ్చే ఆ నున్నటి కాగితానికి, సూపర్ మార్కెట్ బిల్లుకి, బీపీఏనో బీపీఎస్సో పూసి ఉండొచ్చు. యూరప్‌లో 2020 నుంచి అలాంటి కాగితంలో బీపీఏ దాదాపుగా నిషేధించారు. తాళాల గుత్తి ఇచ్చినా అంతే, అదీ నోట్లోకే. చెక్క గరిటె ఇవ్వండి.

అయిదో పని: పొలం నుంచి వచ్చేవాళ్ళకి చెప్పండి

మా పుట్టిల్లు గుంటూరు దగ్గర పల్లె. తమ్ముడు మిరప వేస్తాడు. నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది, 2021-22లో, వాడు వారానికి రెండుసార్లు మందు కొట్టాడు. కొట్టొచ్చి ఆ చొక్కాతోనే మేనకోడలి బిడ్డని ఎత్తుకోబోతే నేను మధ్యలో నిలబడ్డాను. అప్పటికి వాడికి కోపం వచ్చింది, మూడు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు వాడే ఊళ్ళో వాళ్ళకి చెబుతున్నాడు.

ఈ విషయంలో మన దేశంలోనే చూసిన లెక్క ఉంది. కేరళలోని కాసరగోడ్‌లో జీడితోటల మీద ఎండోసల్ఫాన్ అనే పురుగు మందుని ఏళ్ళ తరబడి హెలికాప్టర్లతో చల్లారు. అహ్మదాబాద్ జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్ళు అక్కడి మగపిల్లల్ని పరీక్షించి, ఈడు రావడం ఆలస్యమైందని 2003లో చెప్పారు. సుప్రీంకోర్టు 2011లో ఆ మందుని ఆపించింది. న్యూయార్క్‌లో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగు మందు సంగతి ఇంకా ఆశ పుట్టించేది. ఆ మందు ఎక్కువగా సోకిన తల్లుల బిడ్డలు పుట్టేటప్పుడు బరువూ పొడుగూ కాస్త తక్కువ ఉన్నారు. ఇళ్ళలో దాని వాడకం ఆపించాక, 2001 తరవాత పుట్టిన పిల్లల్లో ఆ తేడా కనబడలేదు.

మందు కొట్టిన మనిషి బయట పంపు దగ్గరే ఒళ్ళు సబ్బుతో రుద్దుకుని, బట్టలు మార్చుకుని అప్పుడు గడప దాటాలి. ఆ బట్టలు బకెట్టులో విడిగా నానబెట్టి విడిగా ఉతకాలి, చంటిబిడ్డ బట్టలు ఆ నీళ్ళలో వేయకూడదు. పురుగు మందు డబ్బా ఎంత బాగా కడిగినా నీళ్ళకి పనికిరాదు. బాత్‌రూమ్‌లో చెంబుగా కూడా పెట్టొద్దు, చిల్లు పొడిచి పారేయండి. కడుపుతో ఉన్న మనిషి మందు కొట్టిన చేలో కోతకి వెళ్ళకూడదు. కూలి చేసుకునే ఇళ్ళకి ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టమని తెలుసు. కనీసం మిరపకాయ తొడిమలు తీసే పనిలో చేతులకి తొడుగు, ముక్కుకి గుడ్డ, తినేముందు సబ్బు.

కూరగాయలు మాత్రం మానిపించకండి. గర్భిణికి ఆకుకూర తినకపోవడమే పెద్ద నష్టం. ధారగా పడే నీళ్ళ కింద రుద్ది కడగండి. యాపిల్ పళ్ళ మీద 2017లో చేసిన ప్రయోగంలో, లీటరు నీళ్ళకి 10 గ్రాముల వంటసోడా, అంటే రెండు చిన్న చెంచాలు వేసి పావుగంట నానబెడితే పైన ఉన్న మందు చాలావరకు పోయింది. మొక్క లోపలికి పీల్చుకున్న మందుని ఏ నీళ్ళూ తీయలేవు. కాబట్టి కొనేచోటే జాగ్రత్త పడండి, రైతుబజార్లో ప్రకృతి వ్యవసాయం వాళ్ళ దగ్గర తీసుకోండి. 

బ్రాయిలర్ కోడికి హార్మోను ఇంజెక్షన్లు వేస్తారు, అందుకే ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతున్నారు అని మా కాలనీలో ప్రతి ఇంట్లోనూ ఒక మాట ఉంది. ఆ కోడి అంత తొందరగా పెరిగేది జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల. వేల కోళ్ళకి రోజూ సూది పొడిచే మనిషి ఎక్కడ దొరుకుతాడు? సాంబారు కవరు వదిలేసి కోడిని పట్టుకుంటే లాభం లేదు.

ఆరో పని: గోడ మీద గీత గీయండి

ఇవన్నీ చేసి బిడ్డ ఎలా పెరుగుతోందో చూడకపోతే ఏం లాభం? పుట్టిన మూడో రోజు నుంచి అయిదో రోజు లోపల మడమ దగ్గర చుక్క రక్తం తీసి థైరాయిడ్ పరీక్ష చేయించండి. చేశారా లేదా అని మీరే అడగండి, కాగితం చేతికి తీసుకోండి. తల్లీబిడ్డల కార్డులో గీసిన ఎదుగుదల గీతలు టీకాల కోసం వెళ్ళినప్పుడల్లా నింపించండి. రెండేళ్ళ దాకా పడుకోబెట్టి పొడవు కొలవాలి. అంగన్‌వాడీలో దానికి బల్ల ఉంటుంది, ఇంట్లో టేపుతో కొలిస్తే బిడ్డ కాలు ముడిచినప్పుడల్లా ఒక లెక్క వస్తుంది.

రెండేళ్ళు దాటాక ఇంట్లోనే. అంచు లేని గోడ చూసుకోండి. చెప్పులు తీసి, జడ విప్పి, మడమలు, పిరుదులు, భుజాలు గోడకి ఆనించి నిలబెట్టండి. చూపు తిన్నగా ఎదురుగా. నడినెత్తిన అట్ట పుస్తకం గోడకి లంబంగా ఆనించి పెన్సిల్ గీత గీయండి. పొద్దున లేచాక ఉన్న ఎత్తు సాయంత్రానికి ఒక సెంటీమీటరు దాకా తగ్గుతుంది, అందుకని ఎప్పుడూ ఒకే వేళకి కొలవండి. ఆరు నెలలకోసారి చాలు, ప్రతి ఆదివారం గోడకి నిలబెడితే పిల్లకి విసుగు, మీకు దిగులు.

మొదటి ఏడాది బిడ్డ దాదాపు 25 సెంటీమీటర్లు పెరుగుతుంది, రెండో ఏడాది 12. మూడేళ్ళు దాటాక ఈడు వచ్చేదాకా ఏటా అయిదారు. ఎంతవరకు పెరుగుతుందో ఉజ్జాయింపు కావాలంటే తల్లీ తండ్రీ ఎత్తులు కలిపి, మగపిల్లాడైతే 13 కలిపి, ఆడపిల్లయితే 13 తీసి, సగం చేయండి. తండ్రి 170, తల్లి 155 అయితే కొడుక్కి 169, కూతురికి 156 దగ్గర్లో. దానికి అటూ ఇటూ ఎనిమిది సెంటీమీటర్లు ఉంటుంది. పక్కింటి పిల్లతో పోల్చడం మానండి, వాళ్ళ నాన్న ఆరడుగులు.

మూడేళ్ళ తరవాత ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగకపోతే, తన గీత వదిలేసి కిందికి జారుతుంటే, ఆడపిల్లకి ఎనిమిదేళ్ళు నిండకముందే రొమ్ము గట్టిపడుతుంటే, మగపిల్లాడికి తొమ్మిదేళ్ళలోపు ఈడు గుర్తులు కనిపిస్తే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు తల్లీబిడ్డల కార్డు, గోడ మీది కొలతలు తేదీలతో రాసిన కాగితం, ఇద్దరి ఎత్తులు, మేనత్త, పిన్ని ఎన్నో ఏట పెద్దమనుషులయ్యారో తెలిస్తే అదీ పట్టుకెళ్ళండి. డాక్టరు ముందు చూసేది రక్తహీనత, నులిపురుగులు, థైరాయిడ్, తిండి. కారణం సాధారణంగా అక్కడే దొరుకుతుంది. బిడ్డ మూత్రంలో బీపీఏ కొలిపించమని అడగొద్దు, ఇవాళ కొలిస్తే నిన్నటి సాంబారు కనబడుతుంది గానీ పోయిన ఏడాది సంగతి తెలియదు. ఒంట్లోంచి విషాలు లాగేస్తామని అమ్మే పొడులకి డబ్బు పోయొద్దు.

మా మనవరాలి మొదటి గీత పెరటి తలుపు పక్కన 86 దగ్గర ఉంది, రెండోది 90.5 దగ్గర. కింద తేదీ పెన్సిల్‌తో రాశాను. ఈసారి రంగులు వేయించినప్పుడు పనివాళ్ళకి ముందే చెప్పాలి, ఆ జానెడు గోడ వదిలేయమని.